తాళం ఒకరిది.. తలుపు అందరిది!

* ఫోన్లలోకి ‘ఫ్లాష్’ రాకపై 2010 నాటి పోరు
* గెలిచిందెవరు.. మునిగిందెవరు?
* సరిహద్దు తెలుగుకూ వర్తించే పాఠం

2021 జనవరి 12. ఆ రోజు నుంచి ప్రపంచంలో చాలాచోట్ల కంప్యూటర్లలో ‘ఫ్లాష్ ప్లేయర్’ బొమ్మ చూపడం మానేసింది. అది చెడిపోలేదు. ఆ తేదీ దాటితే పనిచేయకుండా తయారీదారు అడోబ్ కంపెనీయే లోపల ఏర్పాటు చేసి పెట్టింది. ఒకప్పుడు నెట్‌లో వీడియో చూడాలన్నా, పిల్లలు ఆట ఆడుకోవాలన్నా ఫ్లాష్ లేనిదే గడిచేది కాదు. అలాంటిది పాతికేళ్లకే దుకాణం కట్టేసింది.

దాని పతనం మొదలైంది సెల్‌ఫోన్ దగ్గర. ఒక కంపెనీ సొంత సరుకును ఫోన్లలోని బ్రౌజర్‌లోకి రానివ్వాలా, వద్దా అన్న విషయంపై 2010లో అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు వీధికెక్కాయి. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఉన్న తెలుగువారికి ఆ గొడవతో ఏం పని అనిపించొచ్చు. పని ఉంది. సరిగ్గా అలాంటి తాళమే అప్పట్లో తెలుగు అక్షరానికీ పడి ఉంది. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది.

ఏమిటీ ప్లగిన్?

నెట్‌లోని పేజీలను తెర మీద చూపించేది బ్రౌజర్. తొలి రోజుల్లో దానికి అక్షరాలు, మామూలు బొమ్మలు చూపడం వరకే తెలుసు. కదిలే బొమ్మలు, పాటలు, వీడియోలు దాని వల్ల అయ్యేవి కావు. ఆ లోటు తీర్చడానికి బయటి నుంచి తగిలించే చిన్న సాఫ్ట్‌వేరే ప్లగిన్. మిక్సీకి ఇంకో జార్ తగిలించుకున్నట్టు అన్నమాట.

అలాంటి వాటిలో పేరు మోసింది ఫ్లాష్. 1996లో పుట్టి, మాక్రోమీడియా కంపెనీ చేతుల్లో పెరిగింది. 2005లో ఆ కంపెనీని అడోబ్ కొనేసింది. అదే ఏడాది మొదలైన యూట్యూబ్ కూడా తన వీడియోలను ఫ్లాష్ మీదే నడిపింది. చూసేవాళ్లకు ప్లేయర్ ఉచితం. తయారుచేసేవాళ్లు మాత్రం అడోబ్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి. ప్లేయర్‌లో లోపం దొరికితే సరిచేయాల్సింది అడోబే. కొత్త యంత్రం వస్తే దానికి తగ్గట్టు మలచాల్సిందీ అడోబే. అందరి ఇళ్లలో ఉంది కాబట్టి అది అందరిదీ అనుకున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఫోన్ దగ్గర పేచీ

2007 జూన్‌లో యాపిల్ కంపెనీ ఐఫోన్ అమ్మకాలు మొదలుపెట్టింది. అందులో ఫ్లాష్ లేదు. ఇవాళ కాకపోతే రేపైనా వస్తుందని జనం ఎదురుచూశారు. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ వచ్చింది. అందులోనూ లేదు. ఫ్లాష్‌తో కట్టిన సైట్లు తెరిస్తే వీడియో ఉండాల్సిన చోట ఖాళీ గడి కనపడేది. విమర్శలు ముదరడంతో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్ 29న బహిరంగ లేఖ రాశారు. ఫ్లాష్‌ను ఎందుకు రానివ్వడం లేదో అందులో ఆరు కారణాలు చెప్పారు.

సారాంశం ఇదీ.. ఫ్లాష్ పూర్తిగా ఒక్క కంపెనీ సొత్తు. దాంట్లో భద్రతా లోపాలు ఎక్కువ, కంప్యూటర్లు మొరాయించడానికీ అదే కారణం. బ్యాటరీని తినేస్తుంది. మౌస్ కోసం తయారైన సరుకు కాబట్టి వేలితో తాకే తెరకు పనికిరాదు. బ్యాటరీ విషయంలో ఆయన లెక్క కూడా చూపారు. ఫోన్‌లోని చిప్ నేరుగా వీడియో ఆడిస్తే 10 గంటల వరకు వస్తుందని, అదే పని సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తే 5 గంటలు కూడా రాదని యాపిల్ వాదన.

అయితే అన్నిటికన్నా ముఖ్యమైన కారణమని జాబ్స్ చివర్లో చెప్పింది వేరు. ఫోన్‌కూ, యాప్‌లు రాసేవారికీ మధ్య మూడో కంపెనీ వచ్చి కూర్చోకూడదన్నది ఆయన పట్టుదల. ఫోన్‌లో కొత్త సౌకర్యం పెడితే, దాన్ని అడోబ్ తన సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేదాకా అందరూ కాచుకుని ఉండాలా అన్నది ఆయన ప్రశ్న.

అవతలి పక్షాన హైదరాబాదీ

ఆ సమయంలో అడోబ్ పగ్గాలు శంతను నారాయణ్ చేతిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన ఆయన 2007 డిసెంబర్‌లో సీఈవో అయ్యారు. జాబ్స్ లేఖ వచ్చిన రోజే ఆయన బదులిచ్చారు. సాంకేతిక లోపాలంటూ చెబుతున్నవన్నీ పొగతెరేనని కొట్టిపారేశారు. ఒకసారి తయారుచేసింది అన్ని రకాల ఫోన్లలో, కంప్యూటర్లలో నడవాలన్నదే తమ ఉద్దేశమని, యాపిల్‌కు గిట్టనిది అదేనని ఆయన మాట. ఆ మేలో అడోబ్ పత్రికల్లో ప్రకటనలూ ఇచ్చింది. యాపిల్ అంటే తమకు ఇష్టమేనని, జనం ఎంచుకునే స్వేచ్ఛను లాక్కోవడమే నచ్చదని వాటిలో దెప్పిపొడిచింది.

ఇంతకీ ఎవరిది న్యాయం? ఎదుటివారి గురించి చెప్పినంత వరకు ఇద్దరిదీ నిజమే. ఫ్లాష్ తాళం అడోబ్ చేతిలో ఉన్నమాట నిజం. ఫైలు రూపురేఖల వివరాలపై ఉన్న ఆంక్షలను 2008లో సడలించినా, అందరూ వాడే ప్లేయర్ మాత్రం అడోబ్ చెప్పుచేతల్లోనే ఉండిపోయింది. ఇక అప్పట్లో ఐఫోన్‌లోకి ఏ యాప్ రావాలో, ఏది రాకూడదో తేల్చింది యాపిల్ దుకాణం ఒక్కటే అన్నదీ అంతే నిజం. అడోబ్ తాళం గురించి యాపిల్ చెప్పింది. యాపిల్ తాళం గురించి అడోబ్ చెప్పింది. తమ తాళం గురించి మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ఆండ్రాయిడ్‌లో పరీక్ష

అడోబ్ మాట నిగ్గు తేల్చుకునే అవకాశం గూగుల్ ఇచ్చింది. 2010 జూన్‌లో ఆండ్రాయిడ్ 2.2 ఫోన్ల కోసం ఫ్లాష్ 10.1 విడుదలైంది. అది నడవాలంటే ఫోన్‌లో కాస్త ఖరీదైన కొత్తరకం చిప్ ఉండాలి. చవక ఫోన్లు కొన్నవారికి మొదట్లోనే తలుపు మూసుకుపోయింది. నడిచిన వాటిలోనూ తిప్పలే. మౌస్ బాణం ఆనితే తెరుచుకునేలా చేసిన మెనూలు, వేలితో వాడే ఫోన్‌లో మొండికేశాయి. రకరకాల ఫోన్లు, రకరకాల చిప్‌లు, రోజుకో కొత్త మోడల్.. అన్నిటికీ విడివిడిగా మెరుగులు దిద్దలేక అడోబ్ చేతులెత్తేసింది. ఫోన్ల కోసం ఫ్లాష్ తయారీని ఇక కొనసాగించబోమని 2011 నవంబర్‌లో ప్రకటించింది. అప్పటికి జాబ్స్ మరణించి నెల దాటింది. 2012 ఆగస్టు 15 నుంచి కొత్త ఫోన్లకు గూగుల్ ప్లే దుకాణంలోనూ అది దొరకలేదు.

ఈలోగా ప్లగిన్ అవసరం లేకుండా బ్రౌజరే వీడియో చూపే పద్ధతి బలపడింది. అదే హెచ్‌టీఎంఎల్ 5. ఏ ఒక్క కంపెనీకీ చెందని ఉమ్మడి ప్రమాణం ఇది. 2014 అక్టోబర్‌లో దీనికి తుదిరూపం వచ్చింది. 2015 జనవరిలో యూట్యూబ్ కూడా మామూలుగా దీని మీదే వీడియోలు ఆడించడం మొదలుపెట్టింది. 2020 చివరికల్లా ఫ్లాష్‌ను ముగిస్తామని 2017 జులైలో అడోబ్ చెప్పేసింది.

మునిగింది వాడుకున్నవాళ్లే

కంపెనీలకు పోయిందేమీ లేదు. అడోబ్ వేరే వ్యాపారాలతో పెరిగింది. యాపిల్ సంగతి చెప్పక్కర్లేదు. ఇబ్బంది పడింది ఫ్లాష్‌ను నమ్ముకుని పనులు పెట్టుకున్నవాళ్లు. దక్షిణాఫ్రికా పన్నుల శాఖ పత్రాలు కొన్ని ఫ్లాష్‌లో ఉండిపోయాయి. గడువు దాటాక అవి తెరుచుకోక, 2021 జనవరిలో ఆ శాఖ వాటి కోసమే ప్రత్యేకంగా ఒక బ్రౌజర్ విడుదల చేయాల్సి వచ్చింది. దక్షిణ కొరియాది ఇలాంటిదే ఇంకో కథ. అక్కడ బ్యాంకు పనులు, నెట్ చెల్లింపులు ఏళ్ల తరబడి మైక్రోసాఫ్ట్ వారి ‘యాక్టివ్‌ఎక్స్’ మీద నడిచాయి. ఆ ఒక్క కంపెనీ బ్రౌజర్ లేనిదే చాలా పనులు జరిగేవి కావు.

ఫ్లాష్‌లో చేసిన ఆటలు, కార్టూన్లు, పాఠాలు ఎన్నో మరుగున పడ్డాయి. వాటిని బతికించేందుకు కొందరు ఔత్సాహికులు ‘రఫుల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్ నుంచి దాని సాయంతో పాత ఫ్లాష్ సరుకును భద్రపరుస్తోంది. ఇంగ్లిష్ ఆటలకు అలా పూనుకునే జనం దొరికారు. చిన్న భాషల సరుకుకు అంతమంది దొరుకుతారా అన్నదే ఇక్కడి ప్రశ్న.

తెలుగుకు పడిన తాళం

2000 తర్వాతి తొలి ఏళ్లు గుర్తున్నవారికి ఈ సంగతి తెలుసు. తెలుగు పత్రికల సైట్లు కొన్ని ఎవరి సొంత ఫాంట్‌తో వారు నడిచేవి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు. లేనిచోట అర్థంకాని గుర్తుల వరస. ఒక బ్రౌజర్‌లో కనపడిన పేజీ ఇంకోదాంట్లో కనపడేది కాదు. ఆ తిప్పలు తప్పించడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు ‘పద్మ’ అనే ఉచిత జోడింపు కూడా వచ్చింది. పాత ఫాంట్ల రాతను అది అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది.

తేడా ఎక్కడుందంటే.. పాతరకం ఫాంట్లలో లోపల నిలవ ఉండేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంఖ్యలు. వాటికి పైన తెలుగు ముసుగు వేస్తారు. ముసుగు పోతే తెలుగూ పోయినట్టే. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వచ్చిన తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ‘క’ అంటే ఏ దేశంలోనైనా, ఏ యంత్రంలోనైనా ‘క’నే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే ‘గౌతమి’ అనే యూనికోడ్ ఫాంట్ వచ్చింది. ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు ఉచితంగా దొరికాయి. ఫోన్లు వచ్చాక పాత పద్ధతికి ఇక చోటు లేకుండా పోయింది. ఫోన్‌లో పత్రికకో ఫాంట్ ఎవరు ఎక్కించుకుంటారు?

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారి కంటే ఆవలి వారికే ఈ మార్పుతో ఎక్కువ మేలు జరిగింది. తెలుగు పుస్తకాల దుకాణం లేని ఊళ్లో, తెలుగు పేపర్ రాని వీధిలో ఫోనే దిక్కు. రాయగడలోనైనా, సిరొంచలోనైనా, యానాంలోనైనా అదే అక్షరం అలాగే కనపడుతోందంటే అది ఏ కంపెనీ దయా కాదు, ఉమ్మడి ప్రమాణం చలవ.

ఒక్క అక్షరంతో ఫోన్ ఢమాల్

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తు చేసుకోవాలి. ‘జ్ఞా’ అక్షరంలో పైకి కనపడని ఒక గుర్తు కలిసిన కూర్పు సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది. కొన్ని సందర్భాల్లో ఫోన్ కూడా మొరాయించింది. తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కింది. యాపిల్ ఫిబ్రవరి 19న మరమ్మతు విడుదల చేసింది. అప్పటిదాకా వాడుకునేవారు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు.

అయినా ఒక్కటి గమనించాలి. తప్పు ఆ ఫోన్ సాఫ్ట్‌వేర్‌ది. అక్షరానికి ఏమీ కాలేదు. అదే సందేశం వేరే కంపెనీ ఫోన్‌లో చక్కగా కనపడింది. ఉమ్మడి ప్రమాణంలో ఉన్న రాతకు ఒక కంపెనీ తప్పటడుగు వేసినా ఇంకోచోట ప్రాణం ఉంటుంది. ఒక్కరి ఫాంట్‌లో ఉన్న రాతకు ఆ అదృష్టం లేదు.

అడోబ్ కథలోనే దీనికి సాక్ష్యం ఉంది. పీడీఎఫ్ కూడా ఆ కంపెనీ బిడ్డే. 2008లో దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా అందరికీ వదిలేసింది. అది ఇవాళ ప్రతి ఫోన్‌లో బతికే ఉంది. చెప్పుచేతల్లో ఉంచుకున్న ఫ్లాష్ ప్లేయర్ పోయింది.

తాళం చేతులు మారింది

ప్లగిన్లు పోయాయి కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇప్పుడు అంతా యాప్‌లమయం. ఐఫోన్‌లో ఏ కంపెనీ బ్రౌజర్ వేసుకున్నా లోపలి ఇంజిన్ మాత్రం యాపిల్‌దే ఉండాలన్న షరతు ఏళ్ల తరబడి నడిచింది. చట్టం తెచ్చి పట్టుబట్టాక, 2024 మార్చిలో ఐరోపా యూనియన్ దేశాల వరకు ఆ కంపెనీ దాన్ని సడలించింది. నాడు నారాయణ్ వేలెత్తి చూపిన తాళం ఇదే.

ఇక ఇంటి దగ్గర చూస్తే డీటీపీ సెంటర్లలో ‘అను’ ఫాంట్ల వాడకం ఇంకా పోలేదు. పెళ్లి పత్రిక అయితే చూసి పక్కన పెట్టేస్తారు, నష్టం లేదు. కానీ సంఘాల సావనీర్లు, స్థానిక చరిత్రలు, కవుల సంపుటాలు అలాంటి ఫైళ్లలోనే ఉండిపోతే? వాటిని పీడీఎఫ్ చేసినా చూడ్డానికే పనికొస్తాయి. పేరు కొట్టి వెతికితే దొరకవు, కాపీ చేస్తే చెత్త గుర్తులు వస్తాయి. బడిలో తెలుగు తగ్గేకొద్దీ ఫోనే పలక అవుతున్న చోట ఈ రాత పిల్లలకు ఎప్పటికీ కనపడదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. అచ్చుకు ఇచ్చేటప్పుడే యూనికోడ్ ప్రతి కూడా ఇమ్మని అడగాలి. పాత ఫైళ్లను మార్చే ఉచిత సాధనాలు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు ఒకసారి సరిచూసుకోవాలి. వీడియోలు, పాటలు ఒక్క యాప్‌లోనే వదిలేయకుండా మామూలు ఫైళ్లుగా ఇంకోచోట దాచుకోవాలి. ఫైలు మంచిదో కాదో తేల్చుకోవడానికి ఓ తేలికైన పరీక్ష ఉంది. దాన్ని ఫోన్‌లో తెరిచి, ఊరి పేరు తెలుగులో కొట్టి వెతకాలి. దొరికితే తాళం లేనట్టు. దొరక్కపోతే, ఆ ఫైలు తయారుచేసినవాళ్లు అందుబాటులో ఉండగానే మార్పించుకోవాలి.