మా ట్యాంకు చెత్త కాదు!

 

పోయిన నెలలో మన హాస్టల్లో శుభ్రత వారం జరిగింది కదా! మంచాల కింద ఉన్న పాత అట్టలు, తెగిన చెప్పులు, చిరిగిన కాగితాలు అన్నీ పోగుచేసి కాల్చేశారు. ఆ పోగులో మా గది పిల్లలం నాలుగు ఆదివారాలు కూర్చుని చేసిన ట్యాంకు కూడా పోయింది. స్నానాలు చేసి వచ్చేసరికి బూడిదే మిగిలింది. ఎవరు వేశారని నేను అడగడం లేదు. వాళ్ల కంటికి అది పాత చెక్కముక్కలాగే కనిపించి ఉంటుంది. కానీ అది చెత్త కాదు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మేం చేసింది బీఎంపీ-2 అనే బండి. అసలుది మన పక్క రాష్ట్రంలోనే తయారవుతుంది. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన ఫ్యాక్టరీ ఉంది, అక్కడ చేస్తారు. చక్రాల చుట్టూ ఇనుప పట్టా తిరుగుతుంది, పైన ఫిరంగి ఉంటుంది కాబట్టి మేం ట్యాంకు అనేశాం. నిజానికి దాని ముఖ్యమైన పని సిపాయిల్ని యుద్ధంలోకి మోసుకెళ్లడం. బరువు 14 టన్నుల పైమాటే. అయినా నీళ్లలో ఈదుతుంది!

సైన్సు సారు దాని కొలతలు చూసి రాసిచ్చారు. పొడవు 6.73 మీటర్లు, వెడల్పు 3.15, ఎత్తు 2.45. మేం ఒక్కో కొలతను 35తో భాగించాం. పొడవు 19 సెంటీమీటర్లు, వెడల్పు 9, ఎత్తు 7 వచ్చింది. దీన్నే 1:35 స్కేలు అంటారు. ప్రపంచంలో ట్యాంకు నమూనాలు చేసేవాళ్లు ఎక్కువమంది ఈ స్కేలే వాడతారు. 35 ఎందుకు అంటారా? 1960ల మొదట్లో జపాన్‌లో టామియా అనే కంపెనీ మోటారుతో నడిచే ట్యాంకు బొమ్మ చేసింది. లోపల బ్యాటరీలు పట్టేటట్టు చేస్తే ఆ సైజు వచ్చింది. అదే అందరికీ అలవాటైపోయింది. నిష్పత్తి లెక్కలు పుస్తకంలో చేసినప్పుడు నాకు నిద్ర వచ్చేది. ట్యాంకుకు చేసినప్పుడు మాత్రం రాలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ట్యాంకు అయ్యాక దాంట్లో పెట్టడానికి సిపాయి బొమ్మ చేశాం. మనిషి 175 సెంటీమీటర్లు అనుకుంటే, 35తో భాగిస్తే 5 సెంటీమీటర్లు. బండి మొత్తం ఎత్తు 7. అందులో నేలకీ అడుగుకీ మధ్య ఖాళీ తీసేయాలి, ఫిరంగి ఉండే టోపీ తీసేయాలి. ఇంక మనిషి నిలబడే చోటెక్కడ? మోకాళ్లు మడిచి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఒక్కడు కాదు, నడిపేవాళ్లు ముగ్గురు, లోపల ఏడుగురు, మొత్తం పదిమంది! పైగా వాళ్లు దిగే వెనక తలుపుల్లోనే డీజిల్ పోస్తారు. అది తెలిశాక మా గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. మన పెద్ద క్లాసు అన్నలు కొందరు ఆర్మీకి పోతామంటారు. పోవాలి, మంచిదే. కానీ లోపల ఎలా ఉంటుందో తెలిసి పోవాలి కదా!

"యుద్ధం బొమ్మలు చేస్తే పిల్లలకు కొట్లాట బుద్ధి వస్తుంది" అని ఒక పెద్దాయన అన్నారు. వారి మాట కాదనను. కర్ర పట్టుకుని డిష్యుం డిష్యుం అని పరిగెత్తితే వస్తుందేమో. కొలిచి చేసినవాడికి మాత్రం లోపల మనిషి కనిపిస్తాడు. మనిషి కనిపించాక కొట్లాట మీద మోజు ఎక్కడుంటుంది?

ఇంకో మాట. మనం ఉన్నది ఎక్కడ? కొండపల్లిలో! బొమ్మల కాలనీలో అంబారీ ఏనుగుని ఎలా చేస్తారో మనం చూశాం. తెల్లపొణికి కర్రను సన్నసెగ మీద ఆరబెడతారు. కాళ్లు, తొండం, అంబారీ దేనికది విడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. మా ట్యాంకు కూడా అచ్చం అలాగే చేశాం. బాడీ వేరు, పైటోపీ వేరు, పక్కకు ఆరు చొప్పున చక్రాలు వేరు. అతుకులన్నీ మక్కుతోనే కప్పాం. పట్టాకి పాత సైకిల్ ట్యూబు, ఫిరంగికి చీపురుపుల్ల. బజార్లో ప్లాస్టిక్ కిట్లకు వేలల్లో అడుగుతారు. మాకు రంగు డబ్బాకే డబ్బు ఖర్చయింది.

విశాఖపట్నం విహారయాత్రలో బీచి రోడ్డు మీద టీయూ-142 విమానం చూశాం, గుర్తుందా? 2017లో నౌకాదళం నుంచి రిటైరై ఆ ఏడే మ్యూజియం అయింది. దాని నాలుగు ఇంజన్లకు ఒక్కోదానికి రెండేసి ఫ్యాన్లు, ఒకటి ఇటు తిరిగితే ఇంకొకటి అటు తిరుగుతుంది. చూసొచ్చాక మనవాళ్లు గీసిన బొమ్మల్లో అన్నిటికీ ఒక్కో ఫ్యానే! చూడడం వేరు, లెక్కపెట్టడం వేరు. విమానాలకు 1:72 స్కేలు ఎక్కువ వాడతారు. ఆరడుగుల మనిషి అందులో ఒక్క అంగుళం. 1942లో అమెరికా నౌకాదళం శత్రు విమానాన్నీ తమ విమానాన్నీ గుర్తుపట్టే శిక్షణ కోసం నమూనాలు కావాలని అడిగింది బడిపిల్లల్నే. అడిగినవి 5 లక్షలు! అవీ ఈ స్కేలులోనే. బడిపిల్లల పని అంత పనికొచ్చిందన్నమాట. మన దేశంలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో విమాన నమూనాలు చేయడం ఇప్పటికీ నేర్పుతారు.

కాబట్టి వార్డెన్ గారికి మా మనవి మూడే మూడు. లైబ్రరీ గదిలో ఒక అర ఇప్పించండి. ఆదివారం బట్టలుతుక్కున్నాక రెండు గంటలు చేసుకోనివ్వండి. పారేసేముందు ఒక్కమాట అడగండి.

మిత్రులకు కూడా ఒక మాట. ఊరికే అడగకూడదు, మనమూ కట్టుబడాలి. పరీక్షల నెలలో బ్లేడు, బాడిస ముట్టుకోవద్దు. చిన్న తరగతుల తమ్ముళ్ల చేతికి అసలే ఇవ్వొద్దు. పొణికి చెట్టు అడవిలో తగ్గిపోతోంది, పెద్దబొమ్మలు చేసేవాళ్లకే కర్ర దొరకడం కష్టమవుతోంది. అడవి విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొమ్మ నరకొద్దు, బొమ్మల కాలనీలో మిగిలిన పెళ్లలు అడిగి తెచ్చుకుందాం. చక్రాలు అంచనాగా వేయొద్దు, లెక్కపెట్టి వేద్దాం.

ట్యాంకు కాలిపోయింది, కొలతల కాగితం నా లెక్కల నోటుబుక్కులో భద్రంగా ఉంది. మళ్లీ మొదలుపెడుతున్నాం. ఈసారి లోపల పదిమందినీ కూర్చోబెడతాం. ఎక్కడ పెట్టాలో మాత్రం మీరే చెప్పాలి.

ఆలోచించండి!

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి