నిబంధన ఉన్న చోటే కొత్త కొలువు

మందమర్రిలో పుట్టి పెరిగినవాళ్లకు నిబంధన విలువ వేరే చెప్పక్కర్లేదు. షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ బాయిలో పని జాగా అంతా తిరిగి చూడాలి. గ్యాస్ ఉందా, పైకప్పు గట్టిగా ఉందా, గాలి సరిగ్గా ఆడుతోందా చూసుకోవాలి. చూసింది రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఇదంతా ఎవరి దయ మీదో నడవదు. చట్టం చెప్పింది కాబట్టి నడుస్తుంది. ఆ చట్టమే సర్దార్, ఓవర్‌మన్, సేఫ్టీ ఆఫీసర్ అనే కొలువుల్ని కూడా పుట్టించింది. సర్టిఫికెట్ లేనిదే ఆ పనిలోకి ఎవర్నీ తీసుకోరు.

కంప్యూటర్ల ప్రపంచంలోనూ ఇప్పుడు అలాంటి చట్టాలే వస్తున్నాయి. వాటిని ముందుగా రాస్తున్నది యూరోపియన్ యూనియన్. ఏఐ నుంచి ఫోన్ బ్యాటరీ దాకా ఏది ఎలా తయారు కావాలి, ఎవరు తనిఖీ చేయాలి, ఏమేం రాసిపెట్టాలి అని అక్కడ ఒక్కొక్కటిగా నిబంధనలు అమల్లోకి వస్తున్నాయి. ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఇది ఎక్కడో దూరపు వార్తలా అనిపించొచ్చు. కానీ వీటితో మీకు రెండు లాభాలున్నాయి. వీటి చుట్టూ కొత్త పని పుడుతోంది. దరఖాస్తు పెట్టినప్పుడు కంపెనీని మీరేం అడగాలో కూడా ఇవే నేర్పుతాయి.

సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. నాన్న కొలువు పిల్లలకు వస్తుందన్న లెక్క అన్ని ఇళ్లలో కుదరదు. కొత్త పని ఎక్కడ పుడుతోందో మనమే వెతుక్కోవాలి.

అక్కడి చట్టం ఇక్కడి దాకా

2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. ఉల్లంఘిస్తే 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయొచ్చు. యూరప్ బ్యాంకులకు, బీమా సంస్థలకు, కార్ల కంపెనీలకు హైదరాబాద్‌లో పని చేసిపెట్టే సంస్థలన్నీ ఆ నిబంధనలు నేర్చుకోక తప్పలేదు. క్లయింటు ఒప్పందంలోనే ఆ షరతులు వచ్చేశాయి. డేటా ప్రైవసీ టీములు అలా పుట్టినవే. ఆ తర్వాత మన దేశం కూడా 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసుకుంది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. ఇక్కడ జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

ఇప్పుడు ఏఐ వంతు వచ్చింది. యూరప్ ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. దాని బాధ్యతలు దశలవారీగా మొదలవుతున్నాయి. నిషేధాలు 2025 ఫిబ్రవరి 2 నుంచే ఉన్నాయి. నిషేధించిన పని చేస్తే 3.5 కోట్ల యూరోలు లేదా టర్నోవర్‌లో 7 శాతం వరకు జరిమానా. సాఫ్ట్‌వేర్ ఎక్కడ తయారైందన్నది ఈ చట్టానికి లెక్క కాదు. దాన్ని యూరప్‌లో అమ్మినా, అది ఇచ్చే ఫలితాన్ని అక్కడ వాడినా చట్టం వర్తిస్తుంది. గచ్చిబౌలిలో కూర్చుని కోడ్ రాసినా అంతే. ఆదిలాబాద్‌లో కూర్చుని రాసినా అంతే.

మీ రెజ్యూమె ఎవరు చదువుతున్నారు?

మీరు పంపిన రెజ్యూమెను చాలా పెద్ద కంపెనీల్లో మొదట చదివేది సాఫ్ట్‌వేరే. మనిషి చేతికి రాకముందే జల్లెడ పట్టేస్తుంది. ఎందుకు పోయిందో మీకు తెలియదు. చాలాసార్లు ఆ హెచ్ఆర్ మనిషికీ తెలియదు.

యూరప్ చట్టం ఉద్యోగ నియామకాల్లో వాడే ఏఐని 'అధిక ముప్పు' జాబితాలో పెట్టింది. పరీక్షల మూల్యాంకనం, బ్యాంకు రుణ అర్హత, ప్రభుత్వ పథకాల అర్హత తేల్చే వ్యవస్థలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. వీటిని తయారుచేసేవాళ్లు ఏ డేటాతో నేర్పించారో చూపాలి. ఎక్కడ తప్పు జరిగే ప్రమాదం ఉందో ముందే రాసిపెట్టాలి. పనితీరు లాగ్‌లు ఉంచాలి. మనిషి పర్యవేక్షించేలా, అవసరమైతే ఆపగలిగేలా రూపొందించాలి. పని చోట, చదువు చోట మనుషుల భావోద్వేగాలను అంచనా కట్టే ఏఐని, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, పూర్తిగా నిషేధించారు.

ఇంత జాగ్రత్త ఎందుకు అంటారా? సమాధానం మన రాష్ట్రంలోనే ఉంది. 'సమగ్ర వేదిక' పేరుతో తెలంగాణ ప్రభుత్వం రకరకాల శాఖల రికార్డులను కంప్యూటర్‌లో కలిపి, పథకాలకు ఎవరు అర్హులో తేల్చే వ్యవస్థ తెచ్చింది. రేషన్ కార్డుల ఏరివేతకు దాన్ని వాడారు. పేరు పోలిక వల్ల లేని కారు తమ పేర ఉన్నట్టు తేలి బియ్యం పోగొట్టుకున్న పేద కుటుంబం కథ 2024లో పత్రికల్లోకి వచ్చింది. అంతకుముందే విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. యంత్రం నిమిషాల్లో తేల్చిన లెక్కను సరిచూడ్డానికి మళ్లీ మనుషులే గడప గడపకూ తిరగాల్సి వచ్చింది.

రేషన్ కార్డుకు జరిగింది రేపు మీ దరఖాస్తుకూ జరగొచ్చు. తనిఖీ మనిషి లేని బాయిలోకి కార్మికుణ్ని దింపం. తనిఖీ లేని సాఫ్ట్‌వేర్ చేతిలో ఒక కుటుంబం తిండిని, ఒక విద్యార్థి భవిష్యత్తును ఎందుకు పెట్టాలి?

ఫోను, చార్జర్, బ్యాటరీ

కోడింగ్ వైపు వెళ్లని డిప్లొమా, ఐటీఐ, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఇందులో ఇంకో అధ్యాయం ఉంది. 2024 డిసెంబర్ 28 నుంచి యూరప్‌లో అమ్మే కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లకు యూఎస్‌బీ టైప్-సీ పోర్టు తప్పనిసరైంది. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. యాపిల్ అంతటి కంపెనీ ముందుగానే 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15తో దారికొచ్చింది. యూరప్‌కు ఒక పోర్టు, ఇండియాకు ఇంకో పోర్టు అని పెట్టలేదు. మంచిర్యాలలో కొన్న ఐఫోన్ 15కు కూడా టైప్-సీయే ఉంది.

2025 జూన్ 20 నుంచి మరో నిబంధన వచ్చింది. యూరప్ మార్కెట్‌లోకి వచ్చే ఫోన్ బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేశాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. మోడల్ అమ్మకం ఆగాక 7 ఏళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. కనీసం 5 ఏళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందాలి. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు 2027 ఫిబ్రవరి 18 నుంచి డిజిటల్ పాస్‌పోర్ట్ కావాలి. బ్యాటరీలో ఏ పదార్థాలున్నాయో, ఎలా తయారైందో అందులో నమోదై ఉండాలి. యూరప్‌కు ఎగుమతి చేయాలనుకునే ప్రతి బ్యాటరీ ఫ్యాక్టరీకీ ఈ రికార్డులు రాసే, సరిచూసే మనుషులు కావాలి. మన రాష్ట్రంలోనే మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా భారీ బ్యాటరీ ప్రాజెక్టు చేపట్టింది.

మన దేశంలోనూ ఈ గాలి వీస్తోంది. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నియమాలు అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం పాత పరికరాల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. పాత సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే సాంకేతికతను హైదరాబాద్‌లోని సీ-మెట్ సంస్థ అభివృద్ధి చేసింది. మార్కెట్‌లో ఫోన్ రిపేరు దుకాణం పెట్టిన మీ సీనియర్‌ది చిన్న పని అనుకోకండి. రిపేరు, రీసైక్లింగ్, బ్యాటరీ పరీక్ష ఇక ముందు చదువు, సర్టిఫికెట్ అడిగే పనులవుతాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి

ఈ నిబంధనలన్నీ మంచివేనా అంటే, యూరప్‌లోనే అందరూ ఒప్పుకోరు. కాగితాల భారం చిన్న కంపెనీలను నలిపేస్తోందని, అందుకే టెక్నాలజీలో అమెరికా, చైనాల కంటే వెనకబడుతున్నామని అక్కడ పెద్ద చర్చ నడుస్తోంది. 2024 సెప్టెంబరులో వచ్చిన మారియో ద్రాగీ నివేదిక కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అధిక ముప్పు ఏఐ బాధ్యతలు 2026 ఆగస్టులో మొదలు కావాలని చట్టంలో ఉంటే, వాటిని వెనక్కి జరపాలని 2025 నవంబరులో యూరోపియన్ కమిషనే ప్రతిపాదించింది.

కాబట్టి ఎవరైనా 'ఏఐ కంప్లయన్స్ కోర్సు, నూరు శాతం ఉద్యోగం' అని బోర్డు పెడితే అప్పు చేసి ఫీజు కట్టకండి. ఫ్రెషర్‌ను నేరుగా ఏఐ గవర్నెన్స్ ఆఫీసర్‌గా ఎవరూ తీసుకోరు. లోపలికి వెళ్లే దారి టెస్టింగ్, డాక్యుమెంటేషన్, డేటా నాణ్యత తనిఖీ, ప్రైవసీ సపోర్ట్ లాంటి మామూలు పనుల గుండానే ఉంటుంది. అయితే గడువులు జరిగినా పని మాత్రం పోదు.

ఇప్పుడు ఏం చేయాలి?

మొదటిది, చదవండి. యూరప్ చట్టాలన్నీ యూర్-లెక్స్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో ఉచితంగా ఉంటాయి. ఏఐ చట్టం మొత్తం చదవక్కర్లేదు. నిషేధాలు చెప్పే 5వ అధికరణ, అధిక ముప్పు జాబితా ఉన్న 3వ అనుబంధం చాలు. పక్కనే మన డేటా రక్షణ చట్టం పెట్టుకుని, ఏది కలుస్తోంది, ఏది కలవడం లేదు అని ఒక పేజీ రాసుకోండి.

రెండోది, మీ ఫైనలియర్ ప్రాజెక్టుకు 'తనిఖీ పుస్తకం' జత చేయండి. డేటా ఎక్కడి నుంచి తెచ్చారు, ఎవరి వివరాలు అందులో తక్కువ ఉన్నాయి, మోడల్ ఎక్కడ తప్పుతోంది, తప్పితే ఎవరు ఆపుతారు అని నాలుగు పేజీలు రాయండి. ప్రాజెక్టు కొని తెచ్చిన వాళ్లు ఇంటర్వ్యూలో ఈ నాలుగు ప్రశ్నల దగ్గరే దొరికిపోతారు. సొంతంగా చేసినవాళ్లు అక్కడే మెప్పిస్తారు.

మూడోది, బీఏ, బీకాం విద్యార్థులు కూడా చేయగలిగింది. 2025 జూన్ 28 నుంచి యూరప్‌లో బ్యాంకింగ్, ఆన్‌లైన్ షాపింగ్ లాంటి సేవలు వికలాంగులు వాడుకునేలా ఉండాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ దింపుకుని, మానిటర్ ఆపేసి, ఏదైనా వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి చూడండి. చూపు లేనివాళ్లకు ఎక్కడ దారి మూసుకుపోతుందో రాయండి. ఇలాంటి పది రిపోర్టులు రాస్తే మీ దగ్గర చూపించుకోడానికి పని ఉన్నట్టే.

నాలుగోది, అడగండి. ఇంటర్వ్యూ యాప్‌లో వీడియో ఇమ్మంటే, దాన్ని మనిషి చూస్తారా లేక సాఫ్ట్‌వేర్ మార్కులు వేస్తుందా, ఎన్నాళ్లు దాచుకుంటారు అని మర్యాదగా మెయిల్ పెట్టండి. యూరప్ అభ్యర్థికి ఉన్నంత రక్షణ మీకు ఇక్కడ ఇంకా లేదు. అయినా అడగడం మొదలుపెడితేనే అది హక్కవుతుంది.

గనుల్లో భద్రతా నిబంధనలు ఊరికే రాలేదు. ప్రమాదాలు జరిగాక, కార్మికులు అడిగాక, కొట్లాడాక వచ్చాయి. ఆ చరిత్ర ఉన్న ఊరి పిల్లలు మీరు. సాఫ్ట్‌వేర్ మనుషుల మీద తీర్పు చెప్పే ఈ కాలంలో దాన్ని తనిఖీ చేసే పని మీలాంటివాళ్ల చేతికి రావాలి. ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.