అక్షరం కింద చుక్క

జలీల్ అన్నది గౌరవనీయమైన పేరు. జీమ్‌తో పలికితే దాని అర్థం ఘనుడు, మహిమాన్వితుడు. అదే మాటను జాల్‌తో పలికితే అవమానం పాలైనవాడు అని అర్థం. తెలుగులో మాత్రం రెండింటినీ ఒకే తీరున రాస్తున్నాము. అల్లాహ్ నామాలలో ఒకటైన ‘అల్ ఖాలిఖ్’ను చూడండి. మొదటిది ఖే, చివరిది ఖాఫ్. రెండూ వేర్వేరు ధ్వనులు. తెలుగులో రెండు చోట్లా ఒకే ‘ఖ’ రాస్తున్నాము.

ఇది తెలుగు లిపి లోపమని మేము నిందించడం లేదు. భాషలు మాటలను ఇచ్చిపుచ్చుకున్నప్పుడు ధ్వనులు మారడం సహజం. గోదావరిఖని గనుల్లో కార్మికుడు రోజూ వేయించుకునే ‘హాజరు’ కూడా అరబ్బీ మాటే. అది ధ్వని మార్చుకొని తెలుగులో కలిసిపోయింది, ఎవరికీ బాధ లేదు. అయితే పేరు, ప్రార్థన అలాంటివి కావు. వాటిలో ధ్వని మారితే అర్థమే మారిపోతుంది.

సింగరేణి ప్రాంతంలోని మన కుటుంబాలలో ఎందరో పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడుతారు, బడిలో తెలుగు చదువుతారు. ఉర్దూ లిపి రాని తల్లులూ ఉన్నారు. దుఆలను, సూరాల ఉచ్చారణను వారు ఫోనులో తెలుగు అక్షరాలలోనే చదువుకుంటున్నారు. 2017లో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. ఉర్దూ లిపికి ఫోను కీబోర్డులూ ఉన్నాయి. కొరత ఎదురవుతున్నది తెలుగు లిపి మీద ఆధారపడిన వారికే.

దీనికి పరిష్కారం కొత్తదేమీ కాదు. హిందీలో క, ఖ, గ, జ, ఫ అక్షరాల కింద చుక్క పెట్టి ఈ ధ్వనులను వేరు చేస్తారు. దానినే నుక్తా అంటారు. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్, 2021లో వెలువడిన 14వ కూర్పులో తెలుగు నుక్తాకు స్థానం కల్పించింది. అంటే ఆ చుక్కకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. కానీ మేము చూసిన ఫోన్లలో దాన్ని టైపు చేసే మీట కనిపించలేదు. గుర్తింపు వచ్చినా అందుబాటులో లేని హక్కు వంటిదే ఇది.

ఆ మీటను మనమే తయారు చేసుకోవచ్చు. బయటివారు రూపొందించిన కీబోర్డులను ఆండ్రాయిడ్ 2009 నుంచి, ఆపిల్ 2014 నుంచి అనుమతిస్తున్నాయి. మొత్తం మొదటి నుంచి రాయనక్కర లేదు. హెలీబోర్డ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కీబోర్డుల మూలం అందరికీ అందుబాటులో ఉంది. ‘జ’ మీటను నొక్కి పట్టుకుంటే చుక్క ఉన్న ‘జ’ వచ్చేట్టు అమర్చడం మంథని జేఎన్‌టీయూ వంటి ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివే మన పిల్లలకు అసాధ్యమైన పని కాదు.

అయితే మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, కీబోర్డు పంపేది అక్షరపు సంఖ్యను మాత్రమే. రూపాన్ని గీసేది ఫోనులోని ఫాంటు. పాత ఫాంటులో నుక్తా లేకపోతే ఖాళీ గడి కనిపించవచ్చు. కాబట్టి ఫాంటులను కూడా పరీక్షించాలి. రెండవది, కీబోర్డు మనం టైపు చేసే ప్రతి మాటనూ చూడగలదు, రహస్య సంఖ్యలతో సహా. అందుచేత ఇంటర్నెట్ అనుమతి కోరని కీబోర్డునే తయారు చేయాలి, దాని మూలాన్ని అందరి ముందూ ఉంచాలి. మూడవది, అరబ్బీలోని జాల్, జే, జాద్, జో అనే నాలుగు అక్షరాలను ఒక్క చుక్క వేరు చేయలేదు. అది వాటన్నిటినీ జీమ్ నుంచి మాత్రమే వేరు చేస్తుంది. మిగిలిన తేడాలను ఎలా చూపాలో ఉలమాలు, తెలుగు పండితులు కలిసి నిర్ణయించాలి.

ఆధార్‌లోనో పదవ తరగతి ధ్రువపత్రంలోనో పేరుకు చుక్క చేర్పించుకోమని మేము చెప్పడం లేదు. చుక్క ఉన్న పేరును, లేని పేరును కంప్యూటర్ రెండు వేర్వేరు పేర్లుగా లెక్కిస్తుంది. పత్రాలలో అక్షరం తేడా వస్తే ఉపకార వేతనాలకు, వారసత్వ ఉద్యోగాలకు ఎంత తిరగాల్సి వస్తుందో కార్యాలయాల్లో పనిచేసిన మాకు తెలుసు. ముందుగా మక్తబ్ పాఠాలలో, పుస్తకాలలో, శుభలేఖలలో ఈ చుక్క స్థిరపడాలి. ఆ తరువాతే, రెండు రూపాలనూ ఒకే పేరుగా గుర్తించేలా ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌ను మార్చమని అడగాలి.

హక్కుల కోసం వినతిపత్రాలు రాయడం మనకు అలవాటే. ఇది వినతిపత్రం అవసరం లేని పని. ఉలమాలు నియమం చెప్పాలి, ఉపాధ్యాయులు పదాల పట్టిక రాయాలి, విద్యార్థులు కీబోర్డు తయారు చేయాలి. ఈ ముగ్గురినీ ఒక చోట కూర్చోబెట్టే బాధ్యతను ప్రతి పట్టణంలోని మస్జిద్ కమిటీ తీసుకోవాలని కోరుతున్నాము.