12 వోల్టుల మూఢనమ్మకం

"కారు బ్యాటరీ తగిలించి గంటసేపు వదిలెయ్యండి, 12 వోల్టులు చాలు." ఇంట్లో అల్యూమినియం ఆనోడైజ్ చేద్దామనుకునేవాళ్ళకు మొదట అందే సలహా ఇదే. ఇది తప్పు, సులువుగా ఉందన్న ఒక్క కారణంతో చెలామణీ అవుతున్న తప్పు.

సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలో ముక్క మీద ఆక్సైడ్ పొర పెరిగేది పారిన కరెంటును బట్టి. చదరపు డెసిమీటరుకు ఎన్ని ఆంపియర్లో, ఎన్ని నిమిషాలో హెచ్చవేసి, 0.3తో గుణిస్తే మందం సుమారుగా మైక్రాన్లలో వస్తుంది. 10 సెంటీమీటర్ల చదరపు పలకకు రెండు ముఖాలూ కలిపి 2 చదరపు డెసిమీటర్లు. చదరపు డెసిమీటరుకు 1.5 చొప్పున 3 ఆంపియర్లు అరగంట పారిస్తే దాదాపు 13 మైక్రాన్లు. ఈ లెక్కలో వోల్టుకు చోటే లేదు.

వోల్టేజి ఒక్కటే బిగిస్తే కరెంటు మన చేతిలో ఉండదు. మదురై ఎండల్లో తొట్టి 20 డిగ్రీల దగ్గర నిలవదు. అది వేడెక్కేకొద్దీ కరెంటు పెరుగుతుంది, ఆ కరెంటు దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. పుట్టిన పొరను యాసిడ్ కరిగించేస్తుంది. ముట్టుకుంటే చేతికి పొడి అంటుతుంది. వేలాడదీసిన తీగ పట్టు సడలితే ఆ సందులోనూ పొర పెరిగి కరెంటు ఆగిపోతుంది; వోల్టు మీటరు మాత్రం 12 చూపిస్తూనే ఉంటుంది. కరెంటును బిగించిన సప్లైలో అయితే వోల్టేజి చటుక్కున పైకి లేచి తప్పును పట్టిస్తుంది.

"ఫ్యాక్టరీల్లోనూ వోల్టేజే బిగిస్తారు కదా" అంటారు. చాలాచోట్ల నిజమే. అక్కడ చిల్లరు తొట్టిని చల్లగా ఉంచుతుంది, యాసిడ్ ఆగకుండా కలుస్తూ ఉంటుంది, వచ్చే లోహం ఏదో ముందే తెలుసు. అన్నీ అదుపులో ఉన్నప్పుడు వోల్టేజిని బిగిస్తే కరెంటూ అదుపులోకి వస్తుంది. ఇంట్లో ఆ ఏర్పాట్లేవీ ఉండవు.

కరెంటును కనిపెట్టుకుని ఉండాలని కోయంబత్తూరు తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు 1937లో దేశీ మోటారు తయారుచేసిన ఊరిది. పంపు ప్యానెల్లో వోల్టు మీటరు పక్కన అమ్మీటరు ఎందుకో ఇక్కడి రైతుకు తెలుసు: బావిలో నీళ్ళు అడుగంటితే ముల్లు పడిపోతుంది, మోటారు బిగుసుకుంటే ఎగబాకుతుంది. పంపు దగ్గర పాటించే తెలివిని తొట్టి దగ్గర ఎందుకు వదిలేయాలి?

పైగా బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్లు దూకుతాయి. కాథోడ్ దగ్గర పుట్టే హైడ్రోజన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. 20 వోల్టుల దాకా వెళ్ళగల, కరెంటు పరిమితి నాబ్ ఉన్న డి.సి. సప్లై కొనండి. గాలి ఆడే చోట పెట్టుకోండి. ముక్క వైశాల్యం కొలవండి, ఆంపియర్లు లెక్కకట్టి నాబ్ తిప్పండి. ఆ లెక్క తేలేదాకా స్విచ్ వెయ్యకండి.