శాలువతో తీరని ఋణము

మన సంఘముల వార్షికోత్సవములలో ఒక మాట తరచుగా వినబడుచున్నది: “పనివారిలో వెనుకటి శ్రద్ధ లేదు.” ఈ మాట పలుకువారు పెక్కుమంది మనవారే, మగ్గముల షెడ్డులకు, దుకాణములకు యజమానులైనవారే. వారి ఫిర్యాదు నాకు సమ్మతము కాదు.

షోలాపురమును తీసికొందము. తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు అచ్చట తరతరములుగా దుప్పట్లు, తువాళ్లు నేయుచున్నవి. అట్టి ఊళ్లలో పెట్టుబడి పెట్టువాడును తెలుగువాడే, నేయువాడును తెలుగువాడే. కూలి పెంపు మాట వచ్చినప్పుడు, “మనలో మనకు లెక్కలేమిటి తమ్ముడూ!” అని బుజ్జగించుట మనకు వాడుక. ముక్క కింత యని కూలి యిచ్చుచోట నూలు తెగిన సేపు, విద్యుత్తు పోయిన సేపు నష్టము నేతగానిదే. తన చేతిలో లేని నష్టమును మోయువానికి శ్రద్ధ యెట్లు పుట్టును?

1953లో అహమ్మదాబాదు క్యాలికో మిల్లులో ఏ. కె. రైస్ అను పరిశోధకుడు ఒక ప్రయోగము నడపెను. అచ్చట 224 స్వయంచాలక మగ్గములకు 29 మంది పనివారు, 12 రకముల పనులు. ఎవరి పని వారిది. వారిని చిన్న జట్లుగా కూర్చి, కొన్నేసి మగ్గముల పూచీ ఒక్కొక్క జట్టున కొప్పగించిరి. జట్టులో ఎవరుండవలెనో పనివారే నిర్ణయించుకొనిరి. మొదట ఒడుదొడుకులు కలిగినను, తుదకు ఉత్పత్తి పెరిగెను, చెడిన బట్ట తగ్గెను. మగ్గములవే, మనుష్యులు వారే. మారినది పని యేర్పాటు.

“వ్యాపారము సన్నగిల్లినది, హెచ్చు కూలి యెక్కడనుండి తెత్తుము?” అందురు. కష్టము నిజమే కావచ్చును. అట్లైన లెక్కల పుస్తకము పనివాని ముందు విప్పుడు. నష్టమునాడు బంధువై, లాభమునాడు పరాయివాడగుట న్యాయమా? ఇరువదిమందికి తక్కువకాని సంస్థలలో బోనసు దయాధర్మము కాదు. చట్టమే వేతనములో 8.33 శాతము కనీసమని నిర్ణయించినది. చిన్న షెడ్డులవారు చట్టము చాటున దాగక, మనసాక్షిని అడుగవలెను.

పండుగనాడు వేదికపై పనివానికి కప్పు శాలువ మంచిదే. కాని మరునాడు షెడ్డులో అతడు చెప్పు మాట వినువారు లేనిచో ఆ శాలువ వట్టి గుడ్డ. ప్రవాసమున మన తెలుగు సభలలోకంటె మగ్గముల నడుమనే హెచ్చుగా బ్రతికియున్నది. నేతగాని కొడుకు అవమానము సైపలేక ఆ చోటు విడిచిననాడు, అతనితో మన భాషయు గడప దాటును. శ్రద్ధ కోరువారు ముందుగా సరియైన కూలిని, పనిలో మాట చెప్పు హక్కును ఇచ్చి చూడుడు.