ఖాళీ డబ్బాకు బాధ్యులెవరు?

మెకానిక్ షెడ్డులో ఒక బండికి ఇంజను ఆయిల్ మార్చిన తర్వాత రెండు వస్తువులు మిగులుతాయి. ఒకటి నల్లబడిన పాత నూనె, రెండవది ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బాను పాత సామాన్ల వ్యాపారి తూకానికి కొనుక్కుని వెళతాడు. దాని మీద పేరు పెద్ద కంపెనీది. దానిని వదిలించుకునే భారం మాత్రం షెడ్డులో పనిచేసే కుర్రవాడిది, తూకం వేసే చిరువ్యాపారిది.

చట్టం చెబుతున్నది ఇది కాదు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారును, దిగుమతిదారును, బ్రాండు యజమానిని బాధ్యులుగా నిలబెట్టాయి. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం వాటికి వివరమైన మార్గదర్శకాలు జోడించింది. ఆయిల్ డబ్బా వంటి గట్టి ప్లాస్టిక్ మొదటి వర్గంలోకి వస్తుంది. ఈ వర్గంలో 2024-25కు కనీస రీసైక్లింగు లక్ష్యం 50 శాతం. 2027-28 నాటికి 80 శాతం. పాత నూనెకు సైతం ఇదే సూత్రాన్ని 2024 ఏప్రిల్ 1 నుంచి వర్తింపజేశారు. దీనినే ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత, సంక్షిప్తంగా ఈపీఆర్, అంటున్నారు.

అయితే కంపెనీ స్వయంగా డబ్బాలను సేకరించవలసిన అవసరం లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ ప్లాస్టిక్‌ను శుద్ధి చేసి ధ్రువపత్రం పొందుతాడు. కంపెనీ ఆ పత్రాన్ని కొని తన లెక్క సరిచూసుకుంటుంది. చట్టం పుట్టించిన సొమ్ము చేతులు మారేది అక్కడే. డబ్బాను ఏరినవారు, వంచి నూనె కార్చినవారు, మోసుకెళ్ళినవారు ఆ లెక్కలో ఎక్కడా కనిపించరు.

ఆ కనిపించనివారిలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. ముస్లిం శ్రామికులలో అధికులు స్వయం ఉపాధిలో, అసంఘటిత రంగంలో ఉన్నారని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. మెకానిక్ షెడ్లు, పాత ఇనుము, ప్లాస్టిక్ దుకాణాలు మన మొహల్లాలలో ఎన్ని కుటుంబాలకు అన్నం పెడుతున్నాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. కనుక ఇది పర్యావరణానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. కూలికీ, గౌరవానికీ సంబంధించినది.

ఆయిల్ డబ్బాతో మరొక చిక్కు ఉంది. ఎంత వంచినా లోపలి గోడలకు నూనె అంటుకునే ఉంటుంది. ఆ జిడ్డు ఇతర ప్లాస్టిక్‌లో కలిస్తే సరుకు నాణ్యత పడిపోతుంది. కడిగితే ఆ నీరే కొత్త కాలుష్యం. అందుచేత నిజాయితీగా అమ్మిన డబ్బాకు తక్కువ ధర పలుకుతుంది. చెక్కుచెదరని డబ్బాకు ఎక్కువ ధర ఇచ్చేవాడు నకిలీ ఆయిల్ నింపేవాడు. రేపు దాడి జరిగితే మొదట స్టేషను మెట్లెక్కేది చిరువ్యాపారే. సక్రమమైన దారిలో గిట్టుబాటు కల్పించకుండా నీతులు చెబితే ఈ వ్యవహారం ఆగదు.

ఏ కంపెనీ ఒంటరిగా దీనిని పరిష్కరించలేదు. ఒకే షెడ్డులో పది బ్రాండ్ల డబ్బాలు పోగవుతాయి. పది బండ్లు వచ్చి వేరువేరుగా ఏరుకుపోవడం అసాధ్యం. అందుకే ఉమ్మడి ఏర్పాటు కావాలి. కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో 1997 నుంచి ఇటువంటి వ్యవస్థ నడుస్తున్నది. నూనె అమ్మకం మీద వసూలయ్యే రుసుము ఒక ఉమ్మడి నిధికి చేరుతుంది. పాత నూనెను, ఫిల్టర్లను, ఖాళీ డబ్బాలను సేకరించేవారికి ఆ నిధి నుంచి ప్రోత్సాహక ధనం అందుతుంది. దూరప్రాంతాల సేకరణకు అయ్యే అదనపు ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుంటారు. మన పరిస్థితులు వేరు కావచ్చు. సేకరించినవాడికి సొమ్ము చేరాలన్న సూత్రం మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

నమోదు పేరిట అధికారుల వేధింపులు పెరుగుతాయని, పెట్టుబడి ఉన్నవారే మిగులుతారని కొందరు భయపడుతున్నారు. ఆ భయం నిరాధారమైనది కాదు. అందుకే మన కోరిక స్పష్టంగా ఉండాలి. చిరువ్యాపారిని మూయించే లైసెన్సు వద్దు. గుర్తింపునిచ్చే సులభమైన నమోదు కావాలి. ధ్రువపత్రం విలువలో సేకరణదారుకు నిర్ణీత వాటా ఉండాలి. నూనె కార్చే తొట్లు, చేతి తొడుగులు, డబ్బాకు రంధ్రం చేసే సాధనాలు కంపెనీల ఉమ్మడి ఖర్చుతో షెడ్లకు చేరాలి.

మన వంతు పని కూడా ఉంది. మెకానిక్కులు, పాత సామాన్ల వ్యాపారులు పట్టణాల వారీగా సంఘటితం కావాలి. ప్రతి తూకానికీ రసీదు రాయడం అలవాటు చేసుకోవాలి. అసంఘటిత కార్మికుల కోసం 2021లో ప్రారంభమైన ఈ-శ్రమ్‌లో పేర్లు నమోదు చేయించుకోవాలి. చదువుకున్న యువకులు సాయంత్రం ఒక గంట ఈ పనికి కేటాయిస్తే చాలు. రేపు వాటా అడిగే రోజున చూపించడానికి ఆ రసీదులే మనకు ఆధారం.