వాట్లు ఎన్నైనా, మాట వినపడాలి



మన హాలులో ఆదివారం సాయంత్రం పాటలు వినే కార్యక్రమానికి కొత్త స్పీకర్లు, యాంప్లిఫయర్ కొనాలని పోయిన నెల కార్యవర్గం తీర్మానించింది. చందాలు లక్ష రూపాయల దాకా పోగయ్యాయి. ఇచ్చినవారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాం. అప్పటినుంచి మన వాట్సాప్ గ్రూపులో రోజుకో ఫోటో, రోజుకో ధర. ఒకరు "అయిదు వేల వాట్లట!" అంటారు. ఇంకొకరు ఆన్‌లైన్‌లో తగ్గింపు రేపటితో సరి అంటారు. ఇన్ని సలహాల్లో "నేను ఇది విన్నాను, బాగుంది" అన్నవారు ఒక్కరూ లేరు. అందుకే ఆదివారాలు ఏర్పాట్లు చూసే మేము నలుగురం కలిసి ఈ పొడవాటి పోస్టు రాస్తున్నాం. కాస్త ఓపిక పట్టండి.

ముందు మా తప్పులు ఒప్పుకుంటాం. మూడేళ్ల కిందట మేమే రిచీ స్ట్రీట్‌లో తిరిగి తిరిగి ఒక యాంప్లిఫయర్, ఒక జత స్పీకర్లు తెచ్చాం. ముందు వరుసల వారికి బాగానే ఉండేది. వెనక కూర్చున్నవారికి చాలడం లేదంటే ఇంకో జత తెచ్చి అవే తీగలకు తగిలించాం. ఒక్కో స్పీకర్ 8 ఓమ్‌లది. రెండు పక్కపక్కన కలిపితే యాంప్లిఫయర్‌కు కనపడేది 4 ఓమ్‌లే, అంటే దాని మీద బరువు రెట్టింపు. వెనకవైపు "8 ఓమ్‌లకు తగ్గకూడదు" అని అచ్చు వేసే ఉంది. మేము చదవలేదు. పెట్టె కాలిపోయేంత వేడెక్కి పాట మధ్యలో ఆగిపోయేది. "కరెంటు పోయిందా?" అని అందరూ ఫ్యాన్ల వంక చూసేవారు.

రెండో తప్పు ఇంకా ఖరీదైనది. శబ్దం చాలక నాబ్ చివరిదాకా తిప్పాం. యాంప్లిఫయర్ తన శక్తికి మించి పనిచేస్తే ధ్వని తరంగాల తలలు నరికినట్టు చదునవుతాయి. చెవికి గరగరలాడుతుంది. అలా పుట్టిన అదనపు శక్తిలో కొంత భాగం పైస్వరాల్లో చేరి చిన్న స్పీకర్‌ను, అంటే ట్వీటర్‌ను, కాలుస్తుంది. పెద్ద యాంప్లిఫయర్ పెడితే స్పీకర్ కాలిపోతుందని భయపడి చిన్నది కొన్నాం. ఆ చిన్నదాన్ని పీకలదాకా తోమి రెండు ట్వీటర్లూ పోగొట్టుకున్నాం.

అమెరికాలో ఉన్న మన సభ్యుల అబ్బాయి ప్రేమతో పంపిన యాంప్లిఫయర్ సంగతి కూడా చెప్పాలి. అది 120 వోల్టులది, మన గోడలో వచ్చేది 230. ఆ రోజు ప్లగ్గు పెట్టబోయిన చేతిని ఒకరు పట్టుకోబట్టి సరిపోయింది. పాత స్పీకర్లు దానం చేస్తామంటున్నవారికి ఒక మనవి: ముందు మెష్ తీసి, కాగితం శంఖు చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా తాకండి. రబ్బరైతే సాధారణంగా ఫరవాలేదు. ఫోమ్ అయితే మన చెన్నై ఉప్పుగాలికి, ఉక్కకు అది పాత అప్పడంలా రాలిపోయి ఉండవచ్చు.

ఇవన్నీ డబ్బు నష్టాలు. అసలు నష్టం ఏమిటో పోయిన సంవత్సరం ఒక ఆదివారం తెలిసింది. ఘంటసాల పద్యాలు వేశాం. పెద్దలు కళ్లు మూసుకుని తలలూపుతున్నారు, కొందరు గొంతు కలుపుతున్నారు. మేము మురిసిపోయాం. అయిపోయాక పదేళ్ల పాపను "ఏమర్థమయిందమ్మా?" అని అడిగాం. "ట్యూన్ బాగుంది అంకుల్, వర్డ్స్ వినపడలేదు" అంది. పక్కనే ఉన్న ఆమె తాతగారు నవ్వి, "నిజానికి నాకూ వినపడలేదురా, నాకు కంఠస్థం గనుక సరిపోయింది" అన్నారు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. మన పెద్దలకు ఆ పద్యాలు లోపలే ఉన్నాయి. స్పీకర్ మింగేసిన అక్షరాన్ని జ్ఞాపకం పూరిస్తుంది. పిల్లలకు ఆ జ్ఞాపకం లేదు. తమిళనాడు బడుల్లో 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి పాఠమయింది. అంతకుముందే మనలో చాలామంది పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపాం. ఇప్పుడు మన ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు, చదివే పిల్లలు తక్కువ. వాళ్లకు తెలుగు పద్యం పుస్తకంలోంచి రాదు, చెవిలోంచే రావాలి. ఆ చెవి దగ్గరే మాట పోతే ఇక ఏ దారిన వస్తుంది?

కాబట్టి మా అభిప్రాయం సూటిగా ఇది: హాలులో పెట్టి, మన పాటలు వేసి, మన పిల్లలకు మాట వినపడిందా అని అడిగి తెలుసుకోకుండా ఏ స్పీకర్లూ కొనకూడదు.

వాట్ల సంగతి. పెట్టెల మీద పి.ఎం.పి.ఓ. అని వేల వాట్లు రాస్తారే, దానికి వినికిడితో సంబంధం లేదు, అది ప్రకటన భాష. ఆర్.ఎం.ఎస్. అని రాసిన అంకె చూడండి. అంతకంటే ముఖ్యం స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత గట్టిగా పలుకుతుందనేది. 84 డెసిబెల్ ఒకటి, 90 డెసిబెల్ ఒకటి అనుకోండి. తేడా ఆరే, కానీ ప్రతి 3 డెసిబెల్‌లకూ రెట్టింపు శక్తి కావాలి. రెండోదాని మీద 25 వాట్లు చేసే పనికి మొదటిదాని మీద 100 వాట్లు కావాలి. ముప్పై మంది కూర్చుని పాట వినే మన గదికి, 88 నుంచి 90 డెసిబెల్ స్పీకర్లు దొరికితే, నిజమైన 50, 60 వాట్లు చాలు. యాంప్లిఫయర్ 4 ఓమ్‌లను కూడా మోయగలదని రాసి ఉండాలి. ఎందుకంటే 8 ఓమ్‌ల స్పీకర్ అన్ని స్వరాలకూ 8గా ఉండదు, కొన్నిచోట్ల అయిదారుకు దిగుతుంది. ఒకటే జత కొందాం. రెండో జత మాట ఎత్తకండి, బాబూ.

ఇక వినడం. కొట్లో వేసే డెమో పాటలకు మోసపోవద్దు. అక్కడ దుమ్ములేచే బాస్, చిటికెల్లాంటి ట్వీటర్ వినిపిస్తారు, మనం అబ్బా అంటాం. మనకు బాగా తెలిసిన నాలుగు రికార్డింగులు తీసుకెళదాం: ఒక పాత పద్యం, ఒక సుశీల పాట, ఒక వీణ, ఒక హరికథ. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాల పాటలు మోనోవి గనుక వాటితో ఒక మంచి పరీక్ష ఉంది. రెండు స్పీకర్లకూ సమదూరంలో కూర్చుంటే గొంతు రెండింటికీ నడుమ, ఎవరో అక్కడ నిలబడి పాడుతున్నట్టు రావాలి. పక్కకు లాగుతుంటే రెండు స్పీకర్లూ జత కుదరలేదు, లేదా గది ఒక పక్క బోసిగా ఉంది. గొంతు ఎక్కడా నిలవకుండా గాల్లో తేలిపోతూ, డగ్గా దరువు సన్నబడితే ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయి. ఇది తెలియక స్పీకర్లే మార్చిన ఇళ్లున్నాయి.

రెండు జతలు పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టాలి. కొంచెం గట్టిగా మోగేదే చెవికి మంచిదనిపిస్తుంది. అమ్మేవారికి ఈ గుట్టు తెలుసు. ఫోన్‌లో డెసిబెల్ చూపే యాప్ ఉంటే చాలు, కూర్చున్న చోటే పెట్టి రెండింటికీ ఒకే అంకె వచ్చేలా సరిచేసి, అప్పుడు వినాలి. ఏది ఏదో వినేవారికి చెప్పకూడదు. ధర తెలిస్తే చెవి దానంతటదే ఖరీదైనదాని వైపు మొగ్గుతుంది.

వయసు మీద పడితే మొదట తగ్గేది పైస్వరాల వినికిడి. అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది. స, శ, త, క లాంటి హల్లుల తేట పైన ఉంటుంది. బాస్ పెంచితే అచ్చులు ఉబ్బి హల్లులు మునుగుతాయి. "శబ్దం వస్తోంది గానీ మాట తెలియడం లేదు" అని మన పెద్దలు అనేది అందుకే. వాళ్లు గొణుగుతున్నారని విసుక్కోకండి, సరిగ్గా ఉన్నదే చెబుతున్నారు.

హాలుదీ తప్పుంది. గ్రానైట్ నేల, బోసి గోడలు, ఇనుప కుర్చీలు. చప్పట్లు కొట్టి చూడండి, గణగణమంటుంది. ఎంత మంచి స్పీకరైనా ఇందులో తడబడుతుంది. బీరువాలో మడతపెట్టి ఉన్న జంపఖానాలు పరిచి, ఎదుటి గోడకు దళసరి తెర వేలాడదీసి, స్పీకర్లను మూల నుంచి రెండడుగులు ముందుకు జరిపితే, పైసా ఖర్చు లేకుండా సగం పని అవుతుంది. పోయిన వారం చేసి చూశాం. పాత స్పీకర్లే కాస్త మాట పలికాయి.

"ఇంత చాదస్తం ఎందుకు, పెళ్లిళ్లకు పెట్టే మైక్ సెట్టు కొంటే ఉగాదికీ పనికొస్తుంది కదా" అని కొందరన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఉగాదికి మూడు వందల మంది వస్తారు, ఆ రోజుకు అద్దెకు తెద్దాం, ఎప్పుడూ తెస్తూనే ఉన్నాం. ఏడాదికొక రోజు కోసం మిగతా ఆదివారాలను బలిపెట్టడం మాకు సమ్మతం కాదు. ఆన్‌లైన్‌లో చౌకే, నిజం. కానీ హాలుకు తెచ్చి వినిపించి, నచ్చకపోతే తీసుకెళతానన్న కొట్టుకు రెండు వేలు ఎక్కువిచ్చినా మనకు లాభమే. ఉన్న డబ్బులో మూడింట రెండు వంతులు స్పీకర్లకు, మిగతాది యాంప్లిఫయర్‌కు అని మా సూచన. భిన్నాభిప్రాయం ఉంటే కింద రాయండి, తిట్టకుండా.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి రెండు జతలు హాలుకు తెప్పిస్తున్నాం. గుడ్డ కప్పి పెడతాం. పిల్లలను తప్పక తీసుకురండి, వాళ్లెవరికీ తెలియని పద్యం ఒకటి వేస్తాం. విన్నాక ఒక్కో పాదం వాళ్లచేత తిరిగి చెప్పిస్తాం. ఎక్కువ మాటలు ఏ జతతో తిరిగి వస్తే అదే కొందాం. తాతలూ, బామ్మలూ ఆ పూట దయచేసి అందించకండి.